పద్దెనిమిది బ్రిక్స్ దగ్గర కోసిన తెల్లద్రాక్ష

2003 ఫిబ్రవరి 11, మంగళవారం, ఉదయం 7.10 గంటలు. మేడ్చల్ బస్ డిపో నుంచి శామీర్‌పేట వెళ్లే దారిలో, నా స్కూటర్ మీటరు ప్రకారం 9.4 కిలోమీటర్ల దూరాన బుచ్చిరెడ్డి గారి తోట. గాలి ఉష్ణోగ్రత 17 డిగ్రీలు. నలభై తీగల నుంచి ఏరిన నూరు గింజల రసంలో బ్రిక్స్ 18.4, ఆమ్లం లీటరుకు 9.1 గ్రాములు. ఆ అంకెలు నోట్‌బుక్‌లో ఎక్కిస్తుంటే సంతోషంతో నా పెన్ను గీత దాటిపోయింది.

బ్రిక్స్ అంటే రసంలో ఉన్న చక్కెర శాతం. రిఫ్రాక్టోమీటర్ అనే చిన్న గొట్టంలో ఒక చుక్క వేసి వెలుతురుకేసి చూస్తే అంకె కనిపిస్తుంది. అప్పట్లో నేను ఒక ద్రాక్ష నర్సరీలో టెక్నికల్ ఆఫీసర్‌ని. రెండేళ్ల కిందట ఈ తోటలో ఒక అరెకరంలో 540 షెనిన్ బ్లాన్ తీగలు దగ్గరుండి నాటించాను. ఇది ఫ్రాన్సు నుంచి వచ్చిన తెల్ల వైన్ ద్రాక్ష. తొందరగా కోస్తే బుడగలు పొంగే స్పార్క్లింగ్ వైన్, పండాక కోస్తే మామూలు తెల్ల వైన్, తీగ మీదే ఇంకా నిలిపితే తీపి వైన్ ఇస్తుంది. మేడ్చల్‌కు పరిచయం మాత్రం తినే ద్రాక్షతో, అంటే అనాబ్‌షాహితోనే. ఆ తోటలూ ఒక్కొక్కటిగా ప్లాట్లయిపోతున్న రోజులవి. అటువంటి చోట, ఎవరూ ఊహించని ఈ రకం, ఒక్క ఆకు ఎండకుండా తొలికాపు నిండుగా కాసింది.

ఆ కాపు మీద చాలా ఆధారపడి ఉంది. పాత అనాబ్‌షాహి తోటతో కలిపి ఆ మూడున్నర ఎకరాలూ బుచ్చిరెడ్డి గారికీ, తమ్ముడు జంగారెడ్డికీ ఉమ్మడి. తమ్ముడు ప్లాట్లవాళ్లకు మాట ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాడు. సోలాపూర్ అవతలి ఒక వైనరీ తొలికాపు తీసుకుని ఐదేళ్ల ఒప్పందం రాస్తే భూమి ఉంటుంది, లేకపోతే ఉగాదికి తీగలు నరికేస్తారు. అన్నదమ్ముల మధ్య మాట అది. వైనరీకి కావలసింది మామూలు తెల్ల వైన్ కోసం 22 బ్రిక్స్. వాళ్లు చూడడానికి వచ్చేది ఫిబ్రవరి 24న. నా లెక్క ప్రకారం సరిగ్గా ఆ నాటికి 22 వస్తుంది.

పదిహేనో తేదీ ఉదయం 8.05కి తోటలో అడుగు పెట్టగానే చెప్పు బురదలో దిగబడింది. గుత్తుల దగ్గర సన్నగా సిర్కా, అంటే వెనిగర్ వాసన. గింజలు ఉబ్బి, ఒకదాన్నొకటి నెట్టుకుని, పల్చటి తోలు చిట్లి ఉన్నాయి. బ్రిక్స్ 18.1కి జారింది. బోరు రెండు రోజులు నడిచిందని అడగకుండానే అర్థమైంది. నీళ్లు ఎవరు వదిలారని అడిగాను.

"నేనే ఇడిసిన మేడం," అన్నారు బుచ్చిరెడ్డి గారు తడబడకుండా. "కంపెనోళ్లొస్తాండ్రు. గీ శెనగ్గింజలు సూపెట్టి ఇజ్జత్ దీసుకోమంటరా?"

అనాబ్‌షాహి రైతు కోతకు ముందు ఆఖరి తడి ఇస్తాడు. కాయ ఉబ్బుతుంది, మార్కెట్‌లో తూకానికి నిలుస్తుంది. ముప్ఫై ఏళ్ల అలవాటు. వైన్ ద్రాక్షకు అదే ప్రమాదం. గింజ చిన్నదిగా ఉంటేనే రసం చిక్కగా ఉంటుంది. ఎనిమిదో తేదీ తర్వాత నీరు పెట్టవద్దని నేను కాగితం మీద రాసి, సంతకం చేసి మరీ ఇచ్చాను. ఆ మాటే గట్టిగా గుర్తు చేశాను.

గట్టు మీద కూర్చున్న ఆయన భార్య అండాలమ్మ తలెత్తకుండా అంది: "వద్దని రాసిన్రు మేడం. ఎందుకొద్దో రాయలే. సుట్టాలొస్తే బక్కపిల్లను ముందల నిలవెడ్తమా?"

నేను గుత్తుల వైపు తిరిగాను.

చిట్లిన గింజ రెండు రోజుల్లో గుత్తినంతా పాడుచేస్తుంది. 22 కోసం ఆగే దారి మూసుకుపోయింది. అయినా చేతిలో ఉన్న అలవాటు కొద్దీ ఆమ్లం కూడా కొలిచాను. 8.3. పిహెచ్ 3.1. ఆ మూడు అంకెలను పక్కపక్కన రాసుకుని మళ్లీ చదివాను. చక్కెర తక్కువ, పులుపు ఎక్కువ. స్పార్క్లింగ్ వైన్‌కు సరిగ్గా ఇలాంటి రసమే కావాలి. స్కూటర్ మీద శామీర్‌పేట ఎస్టీడీ బూత్‌కు పదమూడు నిమిషాల్లో చేరాను.

వైనరీలోని వైన్‌మేకర్ మూడు అంకెలూ రెండుసార్లు చెప్పించుకున్నాడు. తర్వాత షరతులు చెప్పాడు: చిట్లిన గింజ ఒక్కటీ ఉండకూడదు, తెల్లవారుజామున కోయాలి, అదే రోజు చీకటి పడకముందే చల్లగా వైనరీకి చేరాలి. అలా తెస్తే తాను మొదలుపెట్టాలనుకుంటున్న స్పార్క్లింగ్‌కు తీసుకుంటానన్నాడు.

సుమారు 12,900 గుత్తులు. వైన్ తోటల్లో చెడ్డ గుత్తిని మొత్తంగా పారేస్తారు. అలా చేస్తే మాకు సగం కూడా మిగలదు. నేను లెక్కలు వేస్తుండగా అండాలమ్మ ఇంట్లోంచి ఒక డబ్బా తెచ్చి నా ముందు బోర్లించింది. అన్నీ సన్నమూతి కత్తెరలు. అనాబ్‌షాహి గుత్తుల్లో గింజలు పలచన చేయడానికి వాడేవి.

"ఒక్కో గింజ దీస్తం," అంది. "పక్క గింజకు తెల్వనియ్యం."

పదహారున ఇరవై నలుగురు ఆడవాళ్లు వరుసల్లో నిలబడ్డారు. గుత్తికి ఒక నిమిషం, మనిషికి 540 గుత్తులు, తొమ్మిది గంటల పని. నేను గడియారం పట్టుకుని చూశాను, సగటున యాభై రెండు సెకన్లే పట్టింది. ఆ వేళ్ల వేగాన్ని ఏ పుస్తకంలోనూ చదవలేదు. తోటను ముంచిందీ గట్టెక్కించిందీ ఒకే అనుభవమని అక్కడ నిలబడి గ్రహించాను. సాయంత్రం జంగారెడ్డి వచ్చి ఖాళీ క్రేట్లు దింపి వెళ్లాడు.

పదిహేడున 5.30కి కోత మొదలైంది. 9.15కి తడి గోనెసంచులు, మంచు దిమ్మల మధ్య క్రేట్లతో డీసీఎం లారీ కదిలింది. 340 కిలోమీటర్లు. అందులోనే బుచ్చిరెడ్డి గారూ నేనూ సాయంత్రం 5.20కి చేరాం. వైన్‌మేకర్ తొలి రసం గ్లాసులో పట్టి, నాలుక మీద నిలిపి, ఇంకో గ్లాసు బుచ్చిరెడ్డి గారికి అందించాడు. ఆయన ముఖం చిట్లించారు.

"గీ పులుపుకా మేడం, గింత ఉరికించిన్రు?"

ఆయన మాట హిందీలో చెప్పగానే వైన్‌మేకర్ పడీపడీ నవ్వాడు. ఒప్పందం కాగితంలో 'తెల్ల వైన్' అన్న చోట కొట్టేసి 'స్పార్క్లింగ్' అని చేత్తో రాసి, ఐదేళ్లకు సంతకం చేశాడు.

ఆ తర్వాత నేను రైతులకిచ్చిన ప్రతి సూచన కాగితంలోనూ రెండో గడి ఒకటి ఉంది. దాని పేరు 'ఎందుకు'. ఏమి చేయవద్దో చెప్పేవాడికి, అవతలివాళ్లు ఇంతకాలం ఏమి చేస్తూ వచ్చారో తెలిసి ఉండాలి. రిఫ్రాక్టోమీటర్ అది చూపదు.

ఆ కాపు లెక్క నా నోట్‌బుక్‌లో ఇలా ఉంది. అంచనా కాపు 2,070 కిలోలు. అందులో కత్తిరించి పారేసిన గింజలు 412 కిలోలు. మొత్తంగా వదిలేసిన గుత్తులు 37 కిలోలు. దారిలో నలిగినవి 31 కిలోలు. వైనరీకి ముట్టినది 1,590 కిలోలు. ఇరవై నలుగురి ఒక రోజు కూలి, ఆరుగురి కోత కూలి, డీసీఎం కిరాయి, తొమ్మిది మంచు దిమ్మలు. విరిగిన కత్తెరలు మూడు. ఉగాదికి నరికిన తీగలు, సున్నా.