బయటికి ఇంకో దారి

కెనడాలోని కిచెనర్‌లో మా బేస్‌మెంట్ ఓనరు ఐర్లాండ్ పెద్దాయన. కిందికి దిగినప్పుడల్లా సీలింగ్‌ను మూడు చోట్ల వేళ్లతో తట్టి, చప్పుడు విన్నాకే మాట్లాడేవాడు. ఒకప్పుడు గని కార్మికుడు. వాళ్ల ఊరి కొండ కింద బొగ్గు పొర మోకాలెత్తే కావడంతో పక్కకు పడుకుని తవ్వేవారట. గనులు మూతపడ్డాక ఊరు సగం ఖాళీ అయిందట.

కాలేజీలకు విద్యార్థులు పోటెత్తిన ఆ ఏడు గదులు దొరికేవి కావు. అప్పటికే మేం నలుగురం ఉన్నాం. గది దొరకని నా క్లాస్‌మేట్‌ను కూడా ఉంచుకుంటామంటే పెద్దాయన ఒప్పుకోలేదు.

"ఇక్కణ్ణించి బయటికి ఒకటే దారి. మా అన్న ప్రాణం పోయిన గనికీ ఒకటే దారి" అన్నాడు.

"నేనేమన్న ఏనుగునా భయ్, కనపడనీకి?" అన్నాడు క్లాస్‌మేట్. పెద్దాయనకు చెప్పకుండా వాణ్ని తెచ్చుకున్నాను.

మర్నాడు పెద్దాయన సీలింగ్ తట్టి, గుమ్మం దగ్గర ఐదు జతల బూట్లు చూసి, పైకి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి రోజు పొద్దున లేచేసరికి, మట్టిలో సగం కూరుకుపోయిన మా కిటికీ బయట పక్కకు పడుకుని, దగ్గుతూ తవ్వుతున్నాడు.

"నేను తవ్వుతా అంకుల్."

పార ఇవ్వలేదు. మూడో రోజు ఆయన్ను ఆస్పత్రికి తీసుకెళ్లారు. మిగిలిన అడుగున్నర నేను తవ్వాను. ఆ కిటికీలోంచి ఐదుగురం ఒక్కొక్కరుగా బయటికి వచ్చి చూశాం. మమ్మల్ని లెక్కపెట్టడానికి ఆయన ఆస్పత్రి నుంచి తిరిగి రాలేదు.