గవ్వలు వేయక్కర్లేని మంత్రం

నిన్న మా అమ్మాయి స్నేహితులతో కథల ఆట ఆడుతూ, "నాకా విద్య వచ్చుగా, నేను పాచిక వేయను" అని మొండికేసింది. నా అరచేతిలో పాత గవ్వల చల్లదనం తగిలినట్టయింది.

చిన్నప్పుడు పామర్రు దగ్గర మా ఊరికి ఆ ఆటను పెదనాన్న కొడుకు శీనన్నయ్య హాస్టల్ నుంచి తెచ్చాడు. అన్నయ్య కథ చెప్పేవాడు, అందులోని మనుషులం మేము. ఒక్కొక్కరికీ ఒక విద్య. అది పనిచేసిందో లేదో గవ్వలు వేసి తేల్చాలి; బోర్లా పడితే పనిచేయనట్టే. నాది పాము మంత్రం. గవ్వలు నాకెప్పుడూ బోర్లా పడేవి. నేను ఏడ్చి గోల చేస్తే, మంత్రానికి గవ్వలు వేయక్కర్లేదని మా ఇంట్లో ఆడే ఆటకు మాత్రం అన్నయ్య ఒక రూలు పెట్టాడు.

ఆ ఏడు కోతల్లో, పనలు ఎత్తుతుంటే బాబాయిని పాము కరిచింది.

"అత్తయ్యా, బస్సెక్కించి ఆస్పత్రికి తీసుకెళ్దాం," అని పిన్ని బతిమాలింది.

"దారిలోనే విషం ఎక్కుద్ది. మంత్రం వేయిద్దాం, అది తప్పదు," అంది నాయనమ్మ.

బాబాయిని మంచం మీద మంత్రగాడి ఇంటికి మోసుకెళ్ళారు. నాకేం భయమేయలేదు. "ఏడవకు పిన్నీ, మంత్రానికి గవ్వలు వేయక్కర్లేదు," అని ధైర్యం కూడా చెప్పాను.

సాయంత్రానికి అదే మంచం మీద తిరిగి తెచ్చారు. మొహం మీద దాకా దుప్పటి కప్పి ఉంది.

వేసవి సెలవుల్లో అన్నయ్య రూలు మార్చాడు. మంత్రమైనా సరే, గవ్వలు వేయాల్సిందే. ఈసారి నేను ఏడవలేదు.

మళ్ళీ కోతలొచ్చాయి. పక్కింటి మావయ్యను పాము కరిచింది. మా నాన్న మంచానికి ఒక పక్క పట్టుకుని, మంత్రగాడి ఇంటివైపే నడిచాడు.