వార్నిష్ పూసిన కుండ

ఒక మంచి కుండను పగలగొట్టకుండా, బీట వేయించకుండా, కనీసం చేయి జార్చకుండా సర్వనాశనం చేయడం ఎలాగో తెలిసినవాడు గోదావరి తీరంలో నేనొక్కడినేనని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ విద్య నాకు ఎలా అబ్బిందో చెబుతాను. నవ్వు వస్తే నవ్వండి. చెబుతున్నప్పుడు నాకూ సగం దాకా వస్తుంది, ఆ తరువాత రాదు.

మా వంశంలో పట్టా పుచ్చుకున్న మొదటివాడిని నేను. తొంభైల చివర్లో రాజమండ్రిలోని ఒక ప్రైవేటు కళాశాలలో ఇంగ్లీషు ఉపన్యాసకుడిగా చేరాను. ఆ ఏడాదే ‘హెరిటేజ్’ అనే అంశంపై ప్రదర్శన పెడుతున్నామని, ఆ మాట అర్థమూ వాడుకా పిల్లలకు వివరించే బాధ్యత నాదని ప్రిన్సిపాలుగారు సెలవిచ్చారు. ఏకాదశి ఉపవాసి ద్వాదశి విస్తరి మీద పడినట్టు నేను నిఘంటువు మీద పడ్డాను. తరగతిలో ఆ మాటతో ఒక వాక్యం రాయమంటే, ‘మా అమ్మ చేతి రుచి మా హెరిటేజ్’ అని ఒక అమ్మాయి రాసింది. ఎర్ర సిరాతో కొట్టేశాను. హెరిటేజ్ అంటే కోటలూ శిల్పాలూ అని, బల్ల మీద పెట్టి చూపించగలిగినదై ఉండాలని శాసించాను. ఈ కొట్టివేతను కాస్త గుర్తుంచుకోండి.

ప్రదర్శనకు ఉపన్యాసకులు కూడా తలా ఒక వస్తువు తేవాలన్నారు. మా ఇంట్లో కోట లేదు. కుండ ఉంది.

మాది ఆత్రేయపురం పక్క పల్లె. అమ్మ పూతరేకులు చేసేది. బోర్లించిన కుండలో మంట పెట్టి, పలచని బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను దాని వీపు మీద ఒక్కసారి లాగితే కాగితంలాంటి రేకు లేస్తుంది. అలా లేవాలంటే ఆ వీపు ఏళ్ల తరబడి నూనె తాగి నునుపెక్కి ఉండాలి. మా కుండ నాయనమ్మ నుంచి అమ్మకు వచ్చింది. చిరగకుండా రేకు తీసిన చేతికే కుండ అన్నది మా ఇంటి ఆనవాయితీ. మా చెల్లెలు సత్య కొత్తగా కాపురానికి వెళ్లబోతోంది. రేకు తీసింది కూడా. దాని ఒడిలో ఆ కుండను పెట్టి సాగనంపాలని అమ్మ నిశ్చయించుకుంది.

సరిగ్గా అప్పుడే నేను వెళ్లి కుండ అడిగాను.

“దేనికిరా?” అంది అమ్మ.

“హెరిటేజ్ అమ్మా. అంటే పెద్దవాళ్లు మనకిచ్చింది. మనం కాపాడి, తర్వాతివాళ్లకి ఇవ్వాలి.”

“ఇప్పుడు నేను చేస్తున్నది అదే కదరా,” అంది.

వాదనలో ఓడిపోతున్న పట్టభద్రుడు ఇంగ్లీషు పెంచుతాడు. పెంచాను. అమ్మకు ఒక్క ముక్కా అర్థం కాలేదు. కొడుకు చదువు మీద గౌరవంతో కుండ ఇచ్చేసింది. బస్సులో దాన్ని దుప్పటిలో చుట్టి గుండెకు హత్తుకుని కూర్చుంటే, ధవళేశ్వరం దగ్గర కండక్టరు తొంగిచూసి, “పడుకుందాండి పాప? అర టిక్కెట్టు ఇమ్మంటారా?” అన్నాడు.

గదికి చేరాక చూస్తే కుండంతా జిడ్డు. హెరిటేజ్ ఇంత మురికిగా ఉండరాదనిపించింది. సబ్బుపొడీ కొబ్బరిపీచూ పెట్టి, నాయనమ్మ కాలం నుంచి పట్టిన నునుపంతా పోయేదాకా తోమాను. ఆ పైన వార్నిష్ పూశాను. తెల్లరంగుతో ముగ్గు కూడా వేశాను. ఎర్ర మఖమలు మీద ‘ముట్టరాదు’ అన్న బోర్డు పక్కన అది కొత్త పెళ్లికొడుకులా మెరిసింది. ప్రథమ బహుమతి నాదే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చ గెలిచి ఇంటికి వెళ్లాను.

అమ్మ కుండ వీపు మీద అరచేయి వేసి, అలాగే ఉంచింది. పొయ్యి వెలిగించాక వార్నిష్ బుడగలెక్కి, వడ్రంగి కొట్టు తగలబడుతున్న వాసన ఇల్లంతా కమ్మింది. గీకాం, బూడిదతో తోమాం, మళ్లీ నూనె పట్టించాం. రేకు అంటుకుని ముక్కలుముక్కలుగా ఊడింది. “ఇంకొక్కసారి చూస్తానమ్మా,” అంటూ సత్య ఆ వారమంతా గుడ్డ లాగుతూనే ఉంది. చివరికి అమ్మ దాని చేతిలోని గుడ్డ తీసేసుకుంది.

“చాల్లేమ్మా. కుండ అలిసిపోయింది.”

సత్య సంతలో కొన్న కొత్త కుండతో కాపురానికి వెళ్లింది. ‘మీ పుట్టింట్లో రేకులు పొడి చేసి పెడతారా అమ్మా’ అని అత్తగారు అడిగారట. ఆ సంగతి చెబుతూ సత్య నవ్వింది.

అమ్మ నన్ను ఎన్నడూ నిందించలేదు. ఆ కుండను బీరువా మీద పెట్టి, వచ్చినవాళ్లకల్లా, “మా అబ్బాయికి ప్రైజు తెచ్చిందండి,” అని చూపించేది. అది తన అత్తగారిదని మాత్రం ఆ తరువాత ఎవరికీ చెప్పలేదు. మరో కుండకు నూనె పట్టించే ఓపిక లేదంటూ రేకులు చేయడం మానేసింది. కొన్నేళ్లకు వెళ్లిపోయింది.

అమ్మ సంవత్సరీకానికి సత్య రేకులు చేసి తెచ్చింది. నా విస్తట్లో ఒకటి వేసింది. ఎక్కడా చిరుగు లేదు. నోట్లో పెట్టుకుంటే, అమ్మ చేసినదే. ఎర్ర సిరాతో నేను కొట్టేసిన ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా గుర్తొచ్చింది. దిద్దుదామంటే ఆ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో తెలియదు.

కళ్లు తుడుచుకుని, “నీ కుండ బాగా కుదిరినట్టుందే,” అన్నాను.

“ఇప్పుడిప్పుడే మాట వింటోంది అన్నయ్యా,” అని, నా విస్తట్లో ఇంకో రేకు వేస్తూ, “నువ్వు మాత్రం దాని దగ్గరికి రాకు,” అంది.

కనుక పాఠక మహాశయుల సమక్షంలో, నిఘంటువు మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను: ఇక నా జన్మలో ఏ కుండకూ వార్నిష్ పూయను, హెరిటేజ్ అంటే ఏమిటో ఏ అమ్మకూ వివరించను.