ముగ్గుపిండి దేశం

మొన్న ఆదివారం పొద్దున మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ భార్య గేటు ముందు కల్లాపి చల్లి, తడి ఆరకముందే ముగ్గు వేస్తుంటే, తడిమట్టీ ముగ్గుపిండీ కలిసిన ఆ వాసన ముక్కుకు తగిలి, పాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఆ వాసనకు ఎవరికైనా పండుగ గుర్తొస్తుంది. నాకు మాత్రం సోషల్ పరీక్ష గుర్తొస్తుంది. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ, ఇప్పటికీ ఆ వాసనకు నా కాళ్లు వాటంతటవే చెప్పులు విడవబోతాయి.

ఎనభైల మొదట్లో వరంగల్ చౌరస్తా దగ్గర మా బాపుకు చిన్న కిరాణా దుకాణం ఉండేది. ముందు దుకాణం, వెనక ఇల్లు. బెల్లం, గ్యాసునూనె, ఎండుమిర్చి వాసనల మధ్యే మా చదువులు సాగేవి. మిర్చి బండ్లు మార్కెట్‌కు వరుస కట్టే కాలమూ, పరీక్షల కాలమూ ఒకటే కావడంతో మా వీధి పిల్లలం తుమ్ముకుంటూ, ముక్కు తుడుచుకుంటూ యుద్ధాలూ సంధులూ బట్టీ పట్టేవాళ్లం. పేపర్లు దిద్దే సార్లు జవాబులను జానలతో కొలిచి మార్కులు వేస్తారని మా వాడకట్టులో అందరికీ గట్టి నమ్మకం. మా అన్నయ్య ఆ నమ్మకంతోనే పదో తరగతి సోషల్ పేపరు నిండా, ఏ రాజును అడిగినా రోడ్డుకు ఇరువైపులా చెట్లు నాటించి, అడిషనల్ షీట్ల మీద షీట్లు తీసుకుని, దర్జాగా తప్పాడు. తప్పి దుకాణంలో కూర్చున్నాడు. ఆ రోజే బాపు నావైపు చూసి, నువ్వు గూడ అన్న తీరే తప్పినవంటే ఇగ చదువు బంద్, పొట్లాలు కట్టుడే అన్నాడు. బాపు కోపిష్టి కాదు, అందుకే ఆ మాటకు నాకు మరింత భయమేసింది. నాకేమో హన్మకొండ కాలేజీ ముందునుంచి రిక్షాలో పోయినప్పుడల్లా ఆ మెట్ల మీద పుస్తకాలు గుండెకు హత్తుకుని కూర్చున్న అమ్మాయిల్లో నేనే కనబడేదాన్ని.

నేను తొమ్మిదిలోకి వచ్చిన ఏడాది మా ఆడపిల్లల బడికి సుగుణ టీచర్ వచ్చింది. రోజూ నర్సంపేట నుంచి బస్సులో వచ్చేది. పొట్టి మనిషి, గంజి పెట్టిన నూలుచీర, ఎప్పుడూ ఆరని చెమట. నేను ఒక యుద్ధం గురించి పుట్టుపూర్వోత్తరాలన్నీ రాసి, అమ్మయ్య అనుకున్న జవాబుకు సున్నా వేసి నన్ను దగ్గరికి పిలిచింది.

“మస్తు రాసినవ్ బిడ్డా. కని నిన్ను అడిగిందేంది?”

అడిగింది కారణాలు. నేను రాసింది అన్నీ. మీ దుకాణానికొచ్చి ఎవరైనా ఉప్పడిగితే మీ బాపు బెల్లం జోకుతడా అని అడిగింది, క్లాసంతా గొల్లున నవ్వింది. ఆ తర్వాత వారాల తరబడి మాతో ఒక్క జవాబు కూడా చెప్పించలేదు, ఉత్త ప్రశ్నలే చదివించింది. ప్రశ్నలో ఏమడిగారు, ఎంత అడిగారు, ఒకటే అడిగారా, ఒకదాని కడుపులో ఇంకోటి దాచి అడిగారా అని తరచి తరచి చూడడమే చదువు. పేపరు చేతికి రాగానే కలం ముట్టొద్దు, ముందు నిమ్మళంగా అంతా చదవాలె, వచ్చింది ముందు రాయాలె, రానిదానికి ఫికర్ చేయొద్దు, నీకు తెలిసినదాంట్లో దాని చుట్టం ఎక్కడో ఉంటది, దాన్ని పట్టుకోవాలె అనేది. ఇదేం చదువని ఇళ్లల్లో గొణుక్కున్నారు గానీ, ఆమె ఎవరి మాటా పట్టించుకోలేదు.

దసరా సెలవులు అయిపోయి, మా స్కూలు సంచుల్లో ఇంకా బతుకమ్మ సద్దుల్లో రొట్టే బెల్లమూ కలిపి కట్టిన మలీద ముద్దలు మిగిలున్న రోజుల్లో, ఒక పొద్దున ఆమె డబ్బాడు ముగ్గుపిండి తెచ్చి గ్రౌండంతా కల్లాపి చల్లించింది. చీర చెంగు నడుముకు దోపి, ఒంగి, వెనక్కి వెనక్కి నడుస్తూ, చేతిలో కాగితం ముక్కైనా లేకుండా భారతదేశాన్ని ముగ్గులో దించింది. కచ్ దగ్గర ఆ నొక్కు, బెంగాల్ దగ్గర ఆ సందు, కింద కొసదేరిన ఆ మొన, ఒక్క గీత చెరపలేదు. మా అమ్మ చుక్కల ముగ్గుకే మధ్యలో ఆగి లెక్క సరిచూసుకునేది. ఈమె దేశానికే దేశం వేసి నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. కాజీపేట రైళ్లు కూసే దిక్కు అరేబియా సముద్రం, నర్సంపేట బస్సులు పోయే దిక్కు బంగాళాఖాతం. దిక్కులు నిజం దిక్కులే. మేం లోపలికి అడుగు పెట్టబోతుంటే ఆపి, చెప్పులు విడిపించింది.

పడమటి అంచున మట్టి కుప్ప పోయించి కొండలన్నది. కుప్ప మీద చెంబుడు నీళ్లు ఒలకబోసింది. పడమటి పక్కకు దుమికిన నీళ్లు ఆగకుండా గీత దాటి పోయాయి. అవతల, మా గ్రౌండు తూర్పుకు వాలు కదా, నీళ్లు వంకలు తిరుగుతూ, మట్టిని మోసుకుంటూ, మా కాళ్ల పక్కనుంచి మెల్లగా పోయి చివర బురదగా పరుచుకున్నాయి. అది గోదావరి అని ఆమె చెప్పక్కర్లేకపోయింది. తర్వాత తర్వాత ఆ దేశం మీదే తొక్కుడుబిళ్ల ఆడాం. బిళ్ల ఏ రాష్ట్రంలో పడితే ఆ రాష్ట్రం మీద ప్రశ్న, జవాబు చెబితేనే దూకాలి. అందరికన్నా పొట్టిదాన్ని గనుక నన్ను ఎప్పుడూ కన్యాకుమారి దగ్గర నిలబెట్టేది. సముద్రం ఎట్లుంటది టీచర్ అని ఒకరోజు అడిగాను.

“నేన్ సూడలే బిడ్డా. మీరు సూడుండ్రి, నాకు చెప్పుండ్రి.”

చూడని సముద్రాన్ని అంచులతో సహా గీసిన మనిషి ఆమె!

పదో తరగతి పరీక్షకు మాకు వేరే బడి సెంటరు పడింది. సోషల్ పరీక్షనాడు పొద్దుటెండ నా ఎడమ కిటికీలోంచి పడుతోంది. అంటే నేను దక్షిణానికి తిరిగి కూర్చున్నాను. ఉత్తరం నా వీపు వెనక ఉంది. మ్యాపు ఇవ్వగానే నా చేతులు దాన్ని తలకిందులుగా తిప్పి పెట్టుకున్నాయి. నేల మీది దిక్కులకు తిప్పి పెడితే గానీ మాకు దేశం అర్థం కాదు మరి! ఊళ్లు గుర్తిస్తుండగా డ్యూటీ సారు వచ్చి నిలబడ్డాడు. ముందు బెంచీలోనూ మ్యాపు ఉల్టానే, అవతలి వరుసలోనూ ఉల్టానే. అందరూ మా బడి పిల్లలే. ఎవలకు సైగ చేత్తాన్నరని గద్దించి, నా పేపరు లాక్కుని, మాల్ ప్రాక్టీసు కింద బుక్ చేస్తానన్నాడు. కళ్ల ముందు కాలేజీ మెట్లు పోయి పొట్లాల కాగితాలు వచ్చాయి.

ఆ అలికిడికి చీఫ్ సూపరింటెండెంటు వచ్చాడు. ముసలాయన. ఎందుకట్ల పెట్టినవని అడిగితే, కిటికీ చూపించాను.

“తూర్పు గటుంది గద సార్. మా టీచర్ నేల మీద గట్లనే గీసింది.”

ఆయన కిటికీ వైపు చూశాడు, మ్యాపు చూశాడు, చేతివేలితో దాన్ని మెల్లగా తిప్పి చూశాడు. పేపర్ తిప్పొద్దని రూలేం లేదు గద, రాయనియ్యుండ్రి అని వెళ్లిపోయాడు.

అప్పటికే సమయం తరిగిపోయింది. మిగిలిన పెద్ద ప్రశ్న నేను ఎన్నడూ బట్టీ పట్టనిది. తూర్పు తీరంలో నదులు డెల్టాలు ఎందుకు ఏర్పరుస్తాయి, పడమటి తీరంలో ఎందుకు ఏర్పరచవు? కలం కింద పెట్టి ప్రశ్న చదివాను. అడిగింది ఒకటి కాదు, రెండు. దాని చుట్టం ఎక్కడుందో వెంటనే దొరికింది. చెంబుడు నీళ్లలో ఉంది. ఇటు దూకి పోయిన నీళ్లు, అటు మట్టి మోసి పరిచిన నీళ్లు. చూసింది చూసినట్టు రాశాను. సగం పేజీ కూడా నిండలేదు.

ఫలితాలొచ్చిన పొద్దున న్యూస్ పేపర్లో నా నంబరు ముందు అన్నయ్యే చూశాడు. బాపు గల్లాపెట్టె వదిలి స్వయంగా పోయి మిఠాయి తెచ్చాడు. అన్నయ్య ఒక ముక్క నోట్లో పెట్టుకుని, నాకు గట్ల చెప్పేటోళ్లు దొరకలే అన్నాడు. ఆ మాట ఈనాటికీ నాకు ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇప్పుడు ఆ గ్రౌండు లేదు, దాని మీద గదులు లేచాయి, మిగిలిన జాగాలో టైల్స్ పరిచారు. మా గుమ్మం ముందు ముగ్గు కూడా స్టిక్కరే. ఫోన్లో మ్యాపు మనం ఎటు తిరిగితే అటు తిరుగుతుంది, ఇక ఉత్తరంతో ఎవరికి పని? సుగుణ టీచర్ పోయి కూడా చాలా కాలమైంది.

కిందటి చలికాలం మొదటిసారి కన్యాకుమారి పోయాను. జనమంతా సముద్రానికి వీపు పెట్టి ఫొటోలు దిగుతున్నారు. నేను చెప్పులు విడిచి, ఆ చివరి రాయి మీద, చిన్నప్పుడు నిలబడ్డ చోటే నిలబడ్డాను. అలవాటుగా మొదట ఉత్తరానికి తిరిగాను. దేశమంతా నా ముందుంది, నడుము మీద చెయ్యి పెట్టుకుని ఆమె అటువైపు ఉన్నట్టే ఉంది. అప్పుడు వెనక్కి తిరిగి చాలాసేపు చూశాను. చూసి, ఆమె చెప్పమన్నది కదా, చెప్పాను.

“సముద్రం చూసిన టీచర్. నువ్వు గీసిన కాడనే ఉన్నది.”