మేనత్త పేరుతో నా కథ

అరవయ్యో దశకం చివర్లో వారపత్రికల్లో ఆడవాళ్ల కథలకే గిరాకీ. మగవాళ్లు కూడా ఆడపేరు తగిలించుకుని రాసేవాళ్లు. మగపేరుతో పంపిన నా మూడు కథలూ నేను జతచేసిన స్టాంపుల కవర్లలోనే బుద్ధిగా తిరిగొచ్చాయి. నాలుగోదానికి మా మేనత్త పేరు పెట్టాను, అచ్చయింది. నా ప్రతిభ మీద నాకున్న నమ్మకం ఆ వారంతోనే సగం చచ్చింది.

మాది నల్లగొండ వైపు సేద్యం చేసే ఇల్లు. యూనివర్సిటీలో పరిశోధన చేస్తూ తార్నాకలో గది అద్దెకు తీసుకున్నాను. ఇంటావిడ గుంటూరు వైపు నుంచి వచ్చిన క్రైస్తవ టీచరు. భర్త లేడు, పిల్లలూ లేరు. మా ఇద్దరి మధ్య ఒక గోడ, ఒక వారపత్రిక. ఆవిడ చదివి శనివారం నా కిటికీలో పెట్టేది. ఆదివారం ఆవిడ చర్చి నుంచి వచ్చేలోగా నేను అరుగు మీద పెట్టేసేవాణ్ణి. తర్వాత ఆవిడ సీరియల్ పేజీలు చింపి, సూదీదారంతో కుట్టి, పైన పేరు రాసి దాచుకునేది. ఏడాదిన్నరలో మేం మాట్లాడుకున్నదంతా ఒక పోస్టుకార్డులో పడుతుంది. క్యాంపస్‌లోనూ నాకు అంతకన్నా ఎక్కువ మాటల్లేవు. గోడ అవతల వినిపించే ఒక్క గిన్నె చప్పుడు వినీ వినీ, ఒంటరిగా వండుకు తినే ఒకావిడ కథ రాశాను. మేనత్త పేరుతో పంపిన నాలుగో కథ అదే.

“ఇందులో ఒక కథ ఉంది బాబూ, తప్పకుండా చదువు,” అంటూ అది అచ్చయిన వారం ఇంటావిడ పత్రిక నా చేతికే ఇచ్చింది. అది నాదేనని చెప్పబోయాను. ఆడపేరు సంగతి చెప్పాలంటే సిగ్గేసి, పత్రిక పట్టుకుని గదిలోకి వచ్చేశాను.

ఆడపేరు మీద ఉత్తరాలొస్తే ఇంటావిడ గది ఖాళీ చేయమంటుందని, కథ పంపినప్పుడే పత్రికకు డిపార్ట్‌మెంట్ చిరునామా ఇచ్చాను. కథ అచ్చయిన మూడు వారాలకు అటెండరు ఒక కవరు పట్టుకుని, “ఏంది సార్, గీ అమ్మ ఎవరు? మన దగ్గర లేరు గద,” అన్నాడు. మా మేనత్త అని చెప్పి తీసుకున్నాను.

పత్రికకు వస్తే వాళ్లు నా చిరునామాకు పంపిన పాఠకురాలి ఉత్తరం అది. కుట్టిన సీరియళ్ల మీద నేను చూసిన గుండ్రటి అక్షరాలే. “ప్రియ సహోదరికి, ఒక్క కంచం కడుక్కునే నన్ను చూసి రాసినట్టుంది మీ కథ. మా ఇంట్లో ఒక అబ్బాయి అద్దెకుంటాడు. మంచివాడే. పలకరిద్దామనుకుంటాను, ముసలిదాని సోది అతనికెందుకులే అని ఊరుకుంటాను.” అది చదివి చెట్టు కింద కూర్చుని ఏడ్చాను.

ఆ సాయంత్రం వెళ్లి ఆవిడ తలుపు కొట్టాను.

“పత్రిక ఇంకా రాలేదు బాబూ,” అంది.

“అదే అడుగుదామని వచ్చానండీ,” అని వెనక్కి వచ్చాను. నా పిరికితనం మీద నాకే ఒళ్లుమండింది.

చివరికి సహోదరిగానే జవాబు రాశాను. అక్షరాలు మార్చి, తార్నాక ముద్ర పడకుండా సీతాఫల్‌మండి దాకా నడిచి పోస్టు డబ్బాలో వేశాను. అందులో ఒక వాక్యం, “ఆ అబ్బాయిని ఒకసారి పలకరించి చూడండి.”

నాలుగో రోజు ఆవిడ నన్ను లోపలికి పిలిచి, కుర్చీ వేసి, ఆ ఉత్తరం మొత్తం పైకి చదివింది. ఆ వాక్యం దగ్గర మాత్రం ఆగి, చదవకుండా దాటేసింది. తర్వాత కళ్లద్దాలు తీసి, “టీ తాగుతావా బాబూ?” అంది.

ఆ తర్వాత రెండేళ్లు మేం బోలెడు మాట్లాడుకున్నాం, ఎక్కువగా ఆ రచయిత్రి గురించే. ఆ రచయిత్రి ఎంత మంచిదో ఇంటావిడ చెబుతుంటే తలూపుతూ వినేవాణ్ణి. ఆ రెండేళ్లలో నా గురించి మాత్రం ఏమీ చెప్పలేకపోయాను.