తవుడుకి కొన్న తమ్ముడు

నా చిన్నప్పుడు పిల్లల్ని తవుడుకి కొనేవారు. మా ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ నాకు ఆ మాట చెప్పేవారు. అన్నం దగ్గర మారాం చేసినా, కుడితి తొట్టిలో చేతులు పెట్టినా, ఇంట్లోవాళ్ళు నిన్ను చేటెడు తవుడు పోసి కొన్నాం, అల్లరి చేస్తే తిరిగిచ్చేస్తాం అనేవారు. మా వైపు పిల్లలందరూ విన్న మాటే అది. అందరిలాగే నేనూ నవ్వేదాన్ని. ఏడేళ్ళ వయసులో ఒకరోజు కళ్ళారా చూశాక నవ్వడం మానేశాను.

ఆ ఏడు మా పిన్ని పురిట్లో పోయింది. బాబాయికి కాలవ చివరి లాకు దగ్గర ఉద్యోగం. గోదావరి నీళ్ళు అక్కడిదాకా తియ్యగా వచ్చి, లాకు తలుపులు దాటగానే ఉప్పుటేటిలో కలుస్తాయి. ఆ లాకు పక్క క్వార్టర్సులో ఒక్క మగవాడు పసిగుడ్డును ఎలా పెంచుతాడు? వాణ్ని మా అమ్మకి ఇచ్చేయడానికి పెద్దవాళ్ళు నిర్ణయించారు. ఊరికే ఇస్తే నిలవడని అమ్మమ్మ పట్టుబట్టింది. తల్లి పోయిన బిడ్డను కొనుక్కుంటే ఇక ఆ ఇంటి కీడు వాణ్ని వెతుక్కుంటూ రాదని ఆవిడ నమ్మకం. బాబాయి గడప అవతల నిలబడ్డాడు. అమ్మ గేదెల తవుడు చేటలో తెచ్చి ఆయన కండువాలో పోసింది. ఖాళీ అయిన చేటలో ఆయన పిల్లవాణ్ని పడుకోబెట్టాడు. అమ్మ చేట అందుకుని లోపలికి వచ్చింది. బాబాయి తవుడు మూట పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

నేను తలుపు పక్కనుంచి అంతా చూశాను. అయితే నిజంగానే కొంటారన్నమాట. అయితే నన్నూ ఇలాగే కొన్నారన్నమాట.

ఆ రోజునుంచి నేను సాక్ష్యాలు వెతుక్కోవడం మొదలుపెట్టాను. పిల్లవాణ్ని చూడవచ్చినవాళ్ళు, అచ్చం మీ అక్కచెల్లెళ్ళ పోలికేనండి, ఆ గడ్డం మీద సొట్ట చూడండి అనేవారు. అమ్మకి ఆ సొట్ట ఉంది. పిన్నికి ఉండేది. నాకు లేదు. నన్ను చూసి ఎవరి పోలికో అనేవారు. వాణ్ని కొన్నా వాడు అమ్మ చెల్లెలి కొడుకు, రక్తం. మరి నేనెవరిని? వెండి ఉగ్గుగిన్నె నాది. దాని ముక్కు మీద నా పాలపళ్ళ గాట్లున్నాయి. ఇప్పుడు దాంతో వాడికి ఆవుపాలు పడుతున్నారు. మంచం మీద అమ్మకి ఎడమవైపు చోటు నాది. అక్కడ ఇప్పుడు గుడ్డపొత్తులు ఉన్నాయి. సాంబ్రాణి పొగ వేసిన వాడి తలను అమ్మ ముద్దు పెట్టుకుంటుంటే ఆ వాసనకి నేను ముక్కు మూసుకుని పెరట్లోకి పోయేదాన్ని. తర్వాత జీవితంలో అసూయ అనే మాట చాలా పుస్తకాల్లో చదివాను. నాకు అది ఎప్పుడూ సాంబ్రాణి వాసనే.

బాబాయి ప్రతి శనివారం బస్సులో వచ్చేవాడు. పిన్ని పోయాక ఆ క్వార్టర్సులో తన చేపల్ని చూసుకునే ఓపిక ఆయనకి లేకపోయింది. వాటిని కూడా మా ఇంటికే తెచ్చాడు. దువ్వెన చేప మా వైపు అందరికీ తెలిసిందే, పులుసు పెట్టుకుంటారు. దానికి చెల్లెలి లాంటిది ఇంకొకటుంది. బొటనవేలంత చేప, పసుపు రంగు, పక్కన ఒక నల్ల మచ్చ. కూరకి పనికిరాదు కాబట్టి వలలో పడితే జాలరులు విసిరేసేవారు. బాబాయి చిన్న దువ్వెన అనేవాడు. లాకు గోడ పక్క నాచులో జంటలు జంటలుగా తిరిగేవట. ఇనుపచట్రానికి అద్దాలు బిగించిన పెట్టె ఒకటి యానాంలో చేయించి ఒక జంటను అందులో పెట్టుకున్నాడు. ఆ పెట్టె మా వసారాలోకి వచ్చింది. ఇంకో జంటను నూతి పక్క సిమెంటు తొట్టిలో వదిలాడు. వచ్చేటప్పుడల్లా ఒక క్యాను నిండా ఏటి ఉప్పునీళ్ళు తెచ్చేవాడు. సముద్రాన్ని వాయిదాల మీద మోస్తున్నాడని బస్సు కండక్టరు ఎగతాళి చేసేవాడట.

రెండు జంటలూ ఇంచుమించు ఒకేసారి గుడ్లు పెట్టాయి. అద్దాలపెట్టెలో అడుగున వేసిన కుండ పెంకుముక్కను ముందు రెండూ నోటితో శుభ్రం చేసుకున్నాయి. గుడ్లు పెట్టాక ఒకటి రెక్కలతో విసురుతుంటే ఇంకొకటి కాపలా కాసేది. పిల్లలై ఈదడం మొదలుపెట్టాక గుప్పెడు ఆవాలు ప్రాణం పోసుకున్నట్టుండేవి. తల్లి ఎటు వెళితే అటు ఆ గుంపు కదిలేది. నాకు వాటిని చూడటం కూడా ఇష్టంగా ఉండేది కాదు. అక్కడ కూడా పిల్లలే.

ఒక ఆదివారం నేను పాలడబ్బా నిండా తవుడు తెచ్చి, వసారాలో చేపల ముందు కూర్చున్న బాబాయి పక్కన పెట్టాను.

"ఇదిగో నీ తవుడు. వాణ్ని తీసుకెళ్ళిపో బాబాయ్."

ఆయన డబ్బా ఎత్తి చేత్తో తూచాడు. "చాలదే అమ్ములూ. నేనిచ్చినప్పుడు పిల్లికూనంత ఉన్నాడు. మీ అమ్మ పాలుపోసి లావు చేసింది. ఇప్పుడు ధర పెరిగింది."

గేదెల బస్తాలో ఇంకా ఉందని, తెస్తానని చెప్పాను. ఆయన నవ్వాడు. పిన్ని పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి అనుకుంటాను. తర్వాత ఎందుకు అని మెల్లగా అడిగాడు. నేను లెక్క చెప్పాను. కొన్న పిల్లలు ఇద్దరయ్యాం. ఎవరో ఒకరిని తిరిగిచ్చేస్తారు. అమ్మ రక్తాన్నే ఉంచుకుంటుంది.

"వాడికి నువ్వున్నావు బాబాయ్. నన్ను ఎవరికి తిరిగిచ్చేస్తారో నాకు తెలీదు."

ఆయన నవ్వు ఆగిపోయింది. అదంతా వేళాకోళమే పిచ్చిదానా అని ఒక్క మాట అనుంటే సరిపోయేది. అనలేదు. అన్నేళ్ళు ఒకటే అబద్ధం చెప్పిన పెద్దవాళ్ళ మాట మీద ఏడేళ్ళ పిల్లకి నమ్మకం ఉండదని ఆయనకి తెలుసేమో. లేచి వంటింట్లోంచి గరిటె, చిన్న గిన్నె తెచ్చాడు. సిమెంటు తొట్టిలోంచి కొన్ని పిల్లల్ని గిన్నెలోకి ముంచుకున్నాడు. వచ్చి అద్దాలపెట్టెలో, ఈ జంట పిల్లలకి దూరంగా, ఒక మూల వదిలాడు.

"ఇవి కొన్నవి. ఏమవుతుందో చూడు" అని పక్కకి జరిగాడు.

కొత్తవి మూలలో ఒకదానికొకటి ఆనుకుని ముద్దగా నిలబడ్డాయి. తల్లి వాటిని చూసింది. నల్లటి కింది రెక్కలు రెండూ టపటపా కొట్టింది. సూటిగా అటు వెళ్ళి, విడిగా ఉన్న ఒక పిల్లను నోట్లోకి తీసుకుంది. మింగేసింది అనుకున్నాను. నాకు సంతోషం వేసింది. ఎంత సంతోషమో ఇప్పటికీ గుర్తుంది. న్యాయం జరిగినట్టు అనిపించింది. తల్లి వెనక్కి వచ్చి, తన గుంపు మధ్య నోరు తెరిచి ఆ పిల్లను ఉమ్మేసింది. మళ్ళీ వెళ్ళింది. మళ్ళీ తెచ్చింది. మిగిలినవి రెక్కల చప్పుడు విన్నట్టు తమంతట తామే బయలుదేరి వచ్చి గుంపులో కలిసిపోయాయి. తండ్రి చేప ఆ గుంపు చుట్టూ ఒకసారి తిరిగి కాపలాకి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం భోజనాలయ్యాక బాబాయి నన్ను అద్దం దగ్గరికి పిలిచాడు. "కొన్నవి ఏవో చూపించు" అన్నాడు. నేను ముక్కు అద్దానికి ఆనించి చాలాసేపు చూశాను. చూపించలేకపోయాను. "పోనీ, ఆ తల్లిని అడుగు. దానికేమైనా తెలుసేమో" అన్నాడు. సాయంత్రం బస్సుకి లాకుకి వెళ్ళిపోయాడు.

కథ ఇక్కడ ఆగితే అందరికీ నచ్చుతుంది. ప్రేమ పంచితే తరగదు అని ఒక మాట రాసి ముగించవచ్చు. కానీ నేను ఆ తర్వాతి శనివారం దాకా రోజూ ఆ పెట్టె ముందు కూర్చున్నాను, ఒక్క తప్పయినా దొరుకుతుందని. అప్పుడు చూశాను. ఆ పిల్లలు తల్లి ఒంటినే తింటున్నాయి. పక్కలకి వచ్చి, పొలుసుల మీద జిగురును చిన్న చిన్న నోళ్ళతో కొరుక్కుని వెళుతున్నాయి. ఆ చేపల్లో అది మామూలేనట. కానీ ఇప్పుడు నోళ్ళు ఎక్కువయ్యాయి. పసుపు రంగు తల్లి ఒంటి మీద తెల్లగా పాలిపోయిన చారలు కనిపించాయి. అయినా అది పక్కకి తప్పుకోవడం లేదు.

బాబాయి రాగానే చెప్పాను. ఆయన వంగి చూసి తల పంకించాడు. నా పాలడబ్బా ఇంకా వసారాలోనే ఉంది. అందులో తవుడు తీసి పల్చటి గుడ్డలో జల్లించి, ఉడికిన కోడిగుడ్డు పచ్చసొనతో నలిపి, ఒక చిటికెడు తీసి నీళ్ళలో రాల్చాడు. పిల్లలు దానిమీదికి దూకాయి. తల్లి ఒంటరిగా పెంకుముక్క పక్కకి వెళ్ళి కాసేపు కదలకుండా ఉండిపోయింది.

"నీ తవుడు దేనికి పనికొచ్చిందో చూశావా. రోజూ పొద్దునా సాయంత్రం నువ్వే వెయ్యాలి. ఎక్కువ వేస్తే నీళ్ళు చెడిపోతాయి. అది కాస్త ఊపిరి పీల్చుకునేంత చాలు."

ఆ పని నాకు వచ్చింది. అలవాటూ అయింది. చారలు మెల్లగా మాయమయ్యాయి.

తమ్ముడికి పళ్ళు వచ్చే రోజులు. రాత్రుళ్ళు నిద్రపోడు, పగలు చంక దిగడు. అమ్మ వాణ్ని భుజాన వేసుకునే అంట్లు సర్దేది, మజ్జిగ చిలికేది. ఒక మధ్యాహ్నం అమ్మ స్నానం చేసి తల తుడుచుకుంటుంటే భుజం మీద, మెడ ఒంపులో, ఎర్రగా చిన్న చిన్న గాట్లు కనిపించాయి. కొన్ని కొత్తవి, కొన్ని మానుతున్నవి. జుట్టు కూడా పల్చబడింది. వాడు వచ్చినప్పటినుంచీ నేను అమ్మ చేతుల్నే చూశాను, అవి ఎవరి చుట్టూ ఉన్నాయా అని. అమ్మను చూడలేదు. తరిగింది నా వాటా అనుకున్నాను. తరిగింది అమ్మ.

నేను వెళ్ళి వాణ్ని ఎత్తుకున్నాను. మోయలేనంత బరువున్నాడు. అమ్మ అనుమానంగా చూసింది, కానీ వద్దనేంత ఓపిక లేక మంచం మీద వాలింది. నేను వసారాలో అటూ ఇటూ తిరిగాను. వాడు నా భుజం కొరికాడు. నొప్పి పుట్టింది. అరవలేదు. ఈ ఒక్క గాటు అమ్మకి తప్పింది కదా అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, అమ్మ దగ్గరున్నదే నాకూ ఒకటి దొరికిందన్న గర్వం కూడా అందులో ఉంది.

అమ్మ లేచాక అడిగాను, నన్ను ఎంత తవుడుకి కొన్నావని. అమ్మ ఆవులించింది.

"నిన్నా? నిన్నెవరు కొన్నారే? తీసుకోండి మహాప్రభో అని బతిమాలి ఊరికే ఇచ్చేశారు."

నాకు చాలా రోజుల తర్వాత నవ్వు వచ్చింది.

ఆ రోజుతో అసూయ పోయిందని చెబితే అబద్ధం. వాడికి బొబ్బట్టు పెద్దది పడితే చూసేదాన్ని. వాడి మార్కులు చూసేదాన్ని. పెద్దయ్యాక అసూయ పక్క మారింది. వాణ్ని నాకంటే ఎక్కువ చూసేవాళ్ళ మీద కుళ్ళుకునేదాన్ని. వాడికి పెళ్ళయ్యాక మరదలి మీద. వాడు రాజమండ్రి ఫ్లాటులో పెట్టుకున్న చేపలతొట్టి మీద కూడా. అమెజాన్ పాయల్లో ఎండుటాకుల కింద బతికే చిట్టి చేపలట అవి. వాటికోసం తొట్టి అడుగున బాదం ఆకులు పరిచి, కొబ్బరిచిప్పకి చిల్లు పెట్టి బోర్లించేవాడు. తల్లి ఆ చిప్పలో గుడ్లు పెట్టి, పసుపురంగుకి తిరిగి, తనకంటే పెద్దవాటిని తరిమేది. "మన చిన్న దువ్వెనలకి ఇవి దూరపు చుట్టాలే అక్కా, అన్నీ సిక్లిడ్ జాతివే" అనేవాడు. ఎవరికి పరిచయం చేసినా, మా అక్క, వీళ్ళు నన్ను తవుడుకి కొన్నారు, ఇంకా తిరిగివ్వలేదు అనేవాడు.

మొన్న వర్షాకాలంలో వాడు పోయాడు. చాలా నెలలు మంచం మీదే ఉన్నాడు. పురోహితుడు గారు వరసలు అడిగి, పిన్ని కొడుకు కాబట్టి మీకు స్నానంతో సరిపోతుందమ్మా, మైల లేదు అన్నారు. ఆయన తప్పేమీ లేదు. కానీ మైల పట్టిన ప్రతి మనిషిని చూసి నేను ఆ ఇంట్లో అసూయపడ్డాను. ఎప్పుడో కనిపించే దాయాదులు నేల మీద పడుకుంటున్నారు, ఉప్పులేని కూడు తింటున్నారు. నాకు ఆ హక్కు లేదు. వచ్చినవాళ్ళందరూ మరదలి చేతులే పట్టుకుంటున్నారు. నేను ఒక మూల, చేపలతొట్టి పక్క కుర్చీలో కూర్చున్నాను.

తొట్టిలో తల్లి చేప పిల్లల్ని వెంటేసుకుని చిప్ప బయట తిరుగుతోంది. పిల్లల్ని చూసే ముందు తల్లి ఒళ్ళు చూడటం నాకు చిన్నప్పటినుంచీ అలవాటు. చూశాను, బాగానే ఉంది. అప్పుడు మరదలి వైపు చూశాను. అన్ని నెలలు వాణ్ని ఎత్తి దించిన భుజం ఒకవైపుకి ఒరిగిపోయింది. మణికట్టుకి కట్టు ఉంది. ఎవరు పలకరించినా మొదటినుంచి చెబుతోంది, చెప్పిందే చెబుతోంది.

లేచి వెళ్ళి ఆమె చెయ్యి విడిపించి, లోపల పడుకోబెట్టి తలుపు దగ్గరగా వేశాను. వచ్చి ఆమె చోట కూర్చున్నాను. కొత్తగా వచ్చిన ఒక పెద్దావిడ నన్ను ఎరగదు. పక్కన కూర్చుని నా చెయ్యి పట్టుకుంది.

"సొంత తమ్ముడాండి?"

"సొంతమేనండి" అన్నాను. "కొనుక్కున్నాం."