బండిలో విన్న సున్నా

తెనాలిలో రేపల్లె బండి ఎక్కిన ఆ రోజుకి మా అమ్మాయి రూతుకి పన్నెండేళ్లు. ఇంకా బొగ్గింజను రోజులే. ఎదురుగా కూర్చున్న ఆవిడ మీద నాకు మొదటి చూపులోనే అనుమానం కలిగింది. నలభై ఏళ్లుంటాయి. వెంట ఎవరూ లేరు. కుడిచేయి మాత్రం ఎడమచేతికి రెండింతలు లావుగా ఉంది. ఆడదానికి అలాంటి చేయి మంచి పనివల్ల వచ్చి ఉండదనుకున్నాను. బైబిలు తెరిచి, చదువుతున్నట్టే ఉండి ఆవిడను కనిపెడుతున్నాను.

వేమూరు దాటాక ఆవిడ రూతు చేయి పట్టుకుని గాలిలో ఊపిస్తూ, "ఫిఫ్టీన్ లవ్, థర్టీ లవ్" అంది. నాకు ఒళ్లు మండింది.

"పసిపిల్లకి నేర్పే మాటలేనా అవి?" అని రూతును ఇవతలికి లాక్కున్నాను.

ఆవిడ తెల్లబోయింది. "అయ్యో, టెన్నిసండి అక్కగారూ! భుజం పోయేదాకా పదేళ్లు అదే నా ఉద్యోగం. లవ్ అంటే మా ఆటలో సున్నా."

"ప్రేమ సున్నా ఏంటమ్మా?"

"ఏమోనండి, అలాగే అంటారు. రేపల్లెలో ఆడపిల్లల స్కూల్లో ఆటల టీచరుగా చేరబోతున్నాను. మీలాంటివాళ్లు పిల్లల్ని ఆటకి పంపిస్తారంటారా?"

రూతును నా అవతలికి మార్చి కూర్చోబెట్టాను. రేపల్లెలో ఆవిడ ఎడమచేత్తో పెట్టె దించుకుని, రూతుకేసి ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ప్రేమ లేకపోతే ఎన్ని ఉన్నా మనిషి వ్యర్థమేనని చెప్పే అధ్యాయం సండే స్కూల్లో ఏటా నేనే చెబుతాను. ఆ రోజు ఆ బండిలో సున్నా ఎవరిదో మాత్రం పిల్లలకి ఇంతవరకు చెప్పలేదు.